మౌలికత – మూలకారణం: బెజ్జమహాదేవి కథ, గజేంద్రస్తుతి – ఒక తాత్త్విక పరిశీలన

1. ఉపోద్ఘాతం

జనగామ జిల్లా పాలకుర్తి మండలంలోని పాలకుర్తి, బమ్మెర గ్రామాలు తెలుగు సాహిత్యచరిత్రలో రెండు ప్రధాన ఘట్టాలకు గుర్తులు. పాలకుర్తి పాల్కురికి సోమనాథుని ఊరు. పోతన నివాసం ఒంటిమిట్ట అనే వాదం ఉన్నప్పటికీ, బమ్మెర ఆయన ఇంటిపేరులోనే నిలిచిన గ్రామం. 13వ శతాబ్దికి చెందిన సోమనాథుని, 15వ శతాబ్దికి చెందిన పోతనను శైవ వైష్ణవ భేదంతోనో, దేశి మార్గ భేదంతోనో పోల్చి చూడటం సాధారణం. అయితే వీరిద్దరి కావ్యాలలోనూ ఒక తాత్త్విక ప్రశ్న అంతర్లీనంగా ఉంది. అన్నింటికీ ఆధారమై, తాను మాత్రం దేనిపైనా ఆధారపడని తత్త్వానికీ, మిగిలిన లోకానికీ ఉన్న సంబంధం ఏమిటన్నదే ఆ ప్రశ్న. సమకాలీన తత్త్వశాస్త్రంలో ఇది 'మౌలికత' చర్చగా ప్రసిద్ధం. ఆ చర్చ ఇచ్చిన వివేచనతో బసవపురాణంలోని బెజ్జమహాదేవి కథను, భాగవతం అష్టమస్కంధంలోని గజేంద్రస్తుతిని పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

2. మౌలికత: రెండు లక్షణాలు

బట్ట దారాలపై ఆధారపడి ఉంటుంది. దారం పత్తి పీచుపై ఆధారపడి ఉంటుంది. ఈ పరంపర ఎక్కడో ఒకచోట ఆగుతుందా? బట్టకు దారాలు సమవాయికారణమని ఉదాహరణ చెప్పిన తర్కసంగ్రహకర్త అన్నంభట్టు తెలుగువాడని ప్రసిద్ధి. 17వ శతాబ్దికి చెందిన ఆయన గ్రంథం పృథివి, జలం, తేజస్సు, వాయువు అనే నాలుగు ద్రవ్యాలు పరమాణురూపంలో నిత్యాలని, కార్యరూపంలో అనిత్యాలని చెబుతుంది. విభజనకు అంతం లేకపోతే మేరుపర్వతానికీ ఆవగింజకూ పరిమాణంలో భేదం ఉండదని నైయాయికులు వాదించారు. రెండూ అనంతమైన అవయవాలు కలవే కావలసి వస్తుంది గనుక, పరంపర పరమాణువు దగ్గర ఆగాలన్నది వారి నిర్ణయం.

ఆధునికులలో ఈ విషయంపై ఏకాభిప్రాయం లేదు. ఒక విషయం మరొకదానికి ఆధారం కావడమనే సంబంధాన్ని 2001లో కిట్ ఫైన్ ప్రచురించిన వ్యాసం చర్చకు కేంద్రంగా నిలిపింది. అట్టడుగు స్థాయి ఒకటి ఉందనడానికి తగిన ఆధారం లేదని 2003లో జొనాథన్ షాఫర్ వాదించాడు. 2010 నాటి మరొక వ్యాసంలో అతడే అవయవాలకంటె అవయవికే ప్రాధాన్యమని, సమస్త విశ్వమే మౌలికమని ప్రతిపాదించాడు.

మౌలికమంటే ఏమిటో చెప్పేటప్పుడు రెండు లక్షణాలను వేరుచేయాలని కరెన్ బెనెట్ 2017లో వెలువరించిన 'మేకింగ్ థింగ్స్ అప్' గ్రంథంలో స్పష్టం చేసింది. మొదటిది స్వతంత్రత: మౌలికమైనది మరి దేనిపైనా ఆధారపడదు. రెండవది సమగ్రత: మౌలికమైనవి మిగిలిన సర్వానికీ ఆధారం కావడానికి చాలి ఉంటాయి. దేనిపైనా ఆధారపడకుండా, దేనికీ ఆధారం కాకుండా ఒంటిగా మిగిలిన వస్తువును ఊహించవచ్చు. దానికి మొదటి లక్షణం ఉంటుంది. ఆ ఒక్కదానితో లోకం ఏర్పడదు గనుక రెండవది ఉండదు. ఈ వివేచన రెండు తెలుగు ఘట్టాలను చదవడానికి తోడ్పడుతుంది.

3. బెజ్జమహాదేవి: స్వతంత్రతపై సందేహం

బసవపురాణంలోని ముగ్ధభక్తుల కథలలో బెజ్జమహాదేవి కథ ఒకటి. శివునికి తల్లి లేదన్న విషయం ఆమె మనసును కలచివేస్తుంది. తల్లి ఉంటే బిడ్డను జడలు కట్టనిచ్చేదా, బూడిద పూసుకోనిచ్చేదా, విషం తాగనిచ్చేదా, బిచ్చమెత్తనిచ్చేదా అని ఆమె తర్కిస్తుంది. తానే తల్లి కావాలని నిశ్చయించుకొని, లింగాన్ని శిశువుగా భావించి లాలిస్తుంది. శివుడు ఆ పసివాని పాత్రకు ఒప్పుకొంటాడు. వ్యాధి వచ్చినట్లు నటిస్తాడు. ఆమె ప్రాణత్యాగానికి సిద్ధపడినప్పుడు ప్రత్యక్షమవుతాడు.

శైవ సిద్ధాంతదృష్టితో చూస్తే శివునికి తల్లి లేకపోవడం లోపం కాదు. అది ఆయన అనాదిత్వానికి గుర్తు. బెజ్జమహాదేవి ఆ లక్షణాన్నే తల్లి లేని పిల్లవాని దైన్యంగా చూస్తుంది. ఆమెకు శాస్త్రం తెలియదని కథ నవ్వుకోదు. ఆమె ముగ్ధతనే భక్తికి పరాకాష్ఠగా నిలుపుతుంది. దేనిపైనా ఆధారపడనిది తనంతట తానే మహత్తరమవుతుందా, లేక ఒంటరిదవుతుందా అన్న ప్రశ్న ఇక్కడ బలంగా వినిపిస్తుంది. సోమనాథుడు శివుని స్వతంత్రతను కాదనలేదు. దానిని స్వయంగా సడలించుకొని భక్తురాలి పెంపకానికి లోబడిన శివుని చూపాడు.

4. గజేంద్రస్తుతి: పేరు లేని పిలుపు

మొసలికి చిక్కిన గజేంద్రుని స్తుతిలో ప్రసిద్ధమైన పద్యానికి సంస్కృత భాగవతం అష్టమస్కంధం మూడవ అధ్యాయంలోని మూడవ శ్లోకం చేరువలో ఉంది. సంస్కృతంలో ఒకే సర్వనామం వేర్వేరు విభక్తులలో వచ్చి, జగత్తు ఎవనిలో, ఎవనినుండి, ఎవనిచేత ఉన్నదో సూచిస్తుంది. పోతన ఈ సరళిని తెలుగు విభక్తులతో సాధించాడు. జగత్తు పుట్టుకకు, ఉనికికి, లయానికి ఆశ్రయమైనవాడు, మూలకారణమైనవాడు, ఆదిమధ్యాంతాలు లేనివాడు, సర్వమూ తానే అయినవాడు ఎవడో అతనిని శరణు వేడుతున్నానన్నది పద్యభావం.

ఈ పద్యంలో హరి, విష్ణువు వంటి పేర్లు లేవు. ఇందులోని ఈశ్వర శబ్దం వాడుకలో శివునికీ, ఆత్మభవ శబ్దం బ్రహ్మకూ చెల్లుతాయి. అంటే గజేంద్రుడు ఒక వ్యక్తిని పేరుపెట్టి పిలవలేదు. ఒక లక్షణాన్ని నిర్వచించి, ఆ లక్షణం కలవానిని పిలిచాడు. ఆ నిర్వచనంలో మౌలికతకు చెందిన రెండు అంశాలూ ఉన్నాయి. స్వయంగా పుట్టినవాడు, ఆద్యంతరహితుడు అన్నవి స్వతంత్రతను చెబుతాయి. మూలకారణం, సర్వమూ తానే కావడం అన్నవి సమగ్రతను చెబుతాయి.

నిర్వచనం కుదిరినంత మాత్రాన నిర్వచించినది ఉన్నట్లు కాదు. గజేంద్రుడికి ఆ ఎరుక ఉంది. దీనుల పక్షాన, యోగుల హృదయాలలో, అన్ని దిక్కులలో ఉన్నాడని చెప్పబడే వాడు నిజంగా ఉన్నాడా, లేడా అని స్తుతి మధ్యలోనే సందేహిస్తాడు.

5. విశ్వమయత: నిర్ణాయక లక్షణం

పిలుపు విన్న బ్రహ్మాదులు రాలేదు. కారణం సంస్కృతంలో ఒకలా, తెలుగులో ఒకలా ఉంది. వేర్వేరు రూపాల అభిమానం కలవారైనందున వారు రాలేదని, హరి సర్వాత్మకుడు గనుక ఆవిర్భవించాడని మూలం చెబుతుంది. పోతన అభిమాన ప్రస్తావనను పక్కకు పెట్టి, వారికి విశ్వమయత లేకపోవడాన్నే కారణంగా చూపాడు. దేవతలు మనసు లేక మిన్నకుండలేదు. గజేంద్రుడు చెప్పిన లక్షణం వారికి వర్తించదు. విశ్వమయుడైన విష్ణువుకు అది వర్తిస్తుంది.

గమనించవలసిన విషయం మరొకటి ఉంది. రక్షణకు హేతువుగా పోతన ఎంచుకొన్నది అనాదిత్వం కాదు, విశ్వమయత. కథను మలుపు తిప్పినది స్వతంత్రత కాదు, సమగ్రత. దేనికీ లోబడని దైవం మడుగులోని ఏనుగు ఆర్తిని పట్టించుకోవలసిన అవసరం లేదు. సర్వమూ తానైన దైవానికి ఆ ఆర్తి పరాయిది కాదు. సోమనాథుని కథ ప్రశ్నించిన చోటనే పోతన ఘట్టం ఈ సమాధానం చెబుతున్నది.

6. ముగింపు

ఈ పోలిక వలన ఇద్దరు కవులు ఆధునిక తాత్త్వికులు కారు. షాఫర్ చెప్పే విశ్వం అవయవాల మొత్తం. పోతన దైవం ఆ మొత్తానికి ఆవల కూడా ఉన్నవాడు. అయినా ఈ వివేచన నేటికి అవసరం. అన్నింటినీ మూలనియమాలకు తగ్గించగలిగినంత మాత్రాన, వాటి నుండి విశ్వాన్ని తిరిగి నిర్మించగల శక్తి వచ్చినట్లు కాదని భౌతికశాస్త్రవేత్త ఫిలిప్ ఆండర్సన్ 1972లో 'సైన్స్' పత్రికలో హెచ్చరించాడు. కణాలు మౌలికమైనంత మాత్రాన జీవం, సమాజం, భాష లెక్కలోకి రానివి కావు. 'మౌలిక' శబ్దాన్ని విడదీయరానిది అన్న ఒక్క అర్థానికే కుదిస్తే ఈ భేదం తెలుగులో మరుగున పడుతుంది. స్వతంత్రతను, సమగ్రతను వేరుగా చెప్పగల పదసంపద తెలుగులో లేదనుకోనక్కర లేదు. ఆత్మభవుడు, మూలకారణం, విశ్వమయత అన్న మాటలు బమ్మెర కవి కావ్యంలో ఆరు వందల ఏళ్ల కిందటే ఆ పని చేశాయి.