పసిబిడ్డకు టైఫాయిడు టీకా - ఒక చరిత్ర

ములుగు నుండి హైదరాబాదు పోవు దారిలో, శామీర్‌పేట ప్రాంతమున, జీనోమ్ వ్యాలీ అను పరిశోధన సంస్థల సముదాయము కలదు. రెండేండ్లు నిండని బిడ్డకు సైతము టైఫాయిడు నుండి రక్షణ నీయగల టీకాను ఇచటి భారత్ బయోటెక్ సంస్థ తయారుచేసినది. అంతకు ముందున్న సూదిమందు పెద్దలకు పనిచేయుచుండగా పసివారికేల పనిచేయలేదు? బిడ్డ శరీరమున రక్షణశక్తి పెరుగు క్రమమును తెలిసికొన్నచో దీనికి సమాధానము దొరకును.

బిడ్డ తల్లి ఇచ్చిన రక్షణతో పుట్టును. గర్భమందుండగా మావి ద్వారా తల్లి రక్తములోని ప్రతిదేహములు బిడ్డను చేరును. పుట్టిన పిదప ముర్రుపాలు, చనుబాలు పేగులను కాపాడును. తల్లి రక్షణ పాల ద్వారా పిల్లలకు సంక్రమించునని 1892లో జర్మను శాస్త్రజ్ఞుడు పాల్ ఎర్లిచ్ చిట్టెలుకలయందు నిరూపించెను. కాని తల్లి రక్తము నుండి వచ్చిన ఈ నిధి నానాటికి తరిగి, ఆరు మాసములు గడచుసరికి చాలవరకు అయిపోవును. అటుపై బిడ్డ తన ప్రతిదేహములను తానే తయారుచేసికొనవలెను.

ఇచట ఒక చిక్కు కలదు. టైఫాయిడు క్రిమి వంటి కొన్ని సూక్ష్మజీవులు చక్కెర అణువుల గొలుసులతో ఏర్పడిన తొడుగును ధరించియుండును. పెద్దవారి బి కణములు, టి కణముల సాయము లేకయే, ఈ గొలుసులపై ప్రతిదేహములను తయారుచేయగలవు. ఈ పనికి వలసిన ప్లీహములోని ఏర్పాటు సుమారు రెండేండ్ల వరకు పరిపక్వము కాదు. 1970 దశకమున ఫిన్లాండులో హీమోఫిలస్-బి క్రిమి చక్కెరతో చేసిన టీకాను పరీక్షించగా, 18 మాసములు దాటినవారికే రక్షణ కలిగెను. ఆ క్రిమి వలన మెదడుపొరల వాపు ఎక్కువగా వచ్చునది అంతకు చిన్నవారికే!

చిక్కు విప్పు మెళకువ 1931 నాటిదే. న్యుమోనియా క్రిమి చక్కెరను మాత్రమే ఇచ్చినపుడు కుందేళ్లు ప్రతిదేహములను తయారుచేయలేదు. ఏవరీ, గోబెల్ అను శాస్త్రజ్ఞులు దానిని ఒక ప్రోటీనుకు అతికించి ఇవ్వగా తయారుచేసినవి. బి కణము చక్కెరను పట్టి మింగినపుడు ప్రోటీను కూడ లోనికి పోవును. ఆ ప్రోటీను ముక్కలను చూచి టి కణము సాయపడును. ఈ మార్గము పసిబిడ్డలోను పనిచేయును. పైగా జ్ఞాపక కణములు మిగులును. 1980లో అమెరికాలో ష్నీర్సన్, రాబిన్స్ ఈ పద్ధతిని హీమోఫిలస్-బి చక్కెరకు వర్తింపజేసిరి.

హైదరాబాదు టీకాలో టైఫాయిడు చక్కెరను ధనుర్వాత టాక్సాయిడునకు అతికించిరి. ఆరు మాసములు నిండిన బిడ్డకు ఇచ్చుటకు 2013లో మన దేశమున అనుమతి లభించెను. 2017 చివర ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదించెను. నేపాలు పరీక్షలో, 2019లో వెలువడిన ఫలితముల ప్రకారము, ఇది టైఫాయిడును సుమారు 82 శాతము తగ్గించెను. పాకిస్తానులోని సింధు హైదరాబాదులో 2016 నుండి పలు మందులకు లొంగని టైఫాయిడు ప్రబలగా, మన హైదరాబాదు టీకాయే అచటి పిల్లలకు అందినది.

విద్యార్థులు తమ ఇంటిలోని పసివారి టీకా కార్డును చూడవచ్చును. 6, 10, 14 వారములకు ఇచ్చు పెంటావాలెంట్ సూదిమందులోని హీమోఫిలస్ భాగము కూడ, ఆ కుందేళ్లు నేర్పిన విధముగానే, ప్రోటీనుకు అతికించిన చక్కెరయే.