ఒకే నగరం, రెండు స్కూల్ డిస్ట్రిక్టులు: సాన్ ఆంటోనియో అనుభవం

అమెరికా విద్యాచరిత్రలో ‘స్కూల్ డిస్ట్రిక్ట్’ అనే మాట మీకు తరచుగా ఎదురవుతుంది. దీనిని మన రెవెన్యూ జిల్లాగా భావించరాదు. ఇది కేవలం పాఠశాలల నిర్వహణకు ఏర్పడిన స్థానిక సంస్థ. టెక్సాస్ రాష్ట్రంలో దీనికి సొంత సరిహద్దు, ఎన్నికైన బోర్డు, ఆస్తిపన్ను విధించే అధికారం ఉంటాయి. మన ప్రభుత్వ పాఠశాలల్లో ఉపాధ్యాయుల జీతాలకు ప్రధానంగా రాష్ట్ర బడ్జెట్టే ఆధారం. అక్కడ మాత్రం డిస్ట్రిక్టు సరిహద్దులోని ఇళ్లు, దుకాణాలు, కర్మాగారాల విలువ పిల్లల చదువును నిర్ణయించే అంశమైంది. అది ఎలా జరిగిందో సాన్ ఆంటోనియో నగరం ఆధారంగా పరిశీలిద్దాం.

1960వ దశకంలో ఈ నగర ప్రాంతంలో ఏడు స్కూల్ డిస్ట్రిక్టులు ఉండేవి. వాటిలో రెండింటి వివరాలు, 1973 నాటి సుప్రీంకోర్టు తీర్పులో పేర్కొన్నవి, కింది పట్టికలో ఉన్నాయి. నిధుల అంకెలు 1967–68 విద్యా సంవత్సరానివి. మొత్తాలు డాలర్లలో ఉన్నాయి.

| అంశం | ఎడ్జ్‌వుడ్ | అలమో హైట్స్ |
|---|---|---|
| విద్యార్థులు | సుమారు 22,000 | సుమారు 5,000 |
| మెక్సికన్-అమెరికన్ విద్యార్థులు | సుమారు 90% | 18% |
| మధ్యస్థ కుటుంబ ఆదాయం | 4,686 | 8,001 |
| ఒక్కో విద్యార్థికి ఆస్తి విలువ | 5,960 | 49,000కు పైగా |
| 100 డాలర్ల ఆస్తిపై పన్ను | 1.05 | 0.85 |
| ఒక్కో విద్యార్థికి అదనపు స్థానిక నిధి | 26 | 333 |
| రాష్ట్ర కనీస పథకం నుంచి | 222 | 225 |
| కేంద్ర నిధి | 108 | 36 |
| మొత్తం | 356 | 594 |

పట్టికలోని పన్ను రేటును ముందుగా గమనించండి. పేద డిస్ట్రిక్టు ప్రజలే ఎక్కువ రేటుతో పన్ను కట్టారు. నగర ప్రాంతం మొత్తంలో అదే అత్యధిక రేటు. అయినా రాష్ట్ర పథకానికి తమ వంతు వాటా పోగా, ఒక్కో బిడ్డకు వారు అదనంగా ఇవ్వగలిగింది 26 డాలర్లే. పిల్లల చదువుపై వారికి శ్రద్ధ లేదనే వాదన ఈ అంకెల ముందు నిలవదు. ఇక రాష్ట్రం ఇద్దరికీ దాదాపు సమానంగా ఇచ్చింది. ఆ సమానత్వమే అసమానతను యథాతథంగా ఉంచింది. కేంద్ర నిధి వ్యత్యాసాన్ని కొంత తగ్గించినా పూడ్చలేకపోయింది.

ఈ వ్యత్యాసం ఎక్కడి నుంచి వచ్చింది? ఎడ్జ్‌వుడ్ నివాస ప్రాంతం. అక్కడ పన్ను తెచ్చిపెట్టే వ్యాపార, పారిశ్రామిక ఆస్తులు చాలా తక్కువ. అలమో హైట్స్ నాలుగు వైపులా పెద్ద నగరం విస్తరించినా విడిగా నిలిచిన సంపన్న చిన్న పట్టణం. మెక్సికన్-అమెరికన్లకు, నల్లజాతివారికి ఇళ్లు అమ్మరాదన్న షరతులు ఆ కాలపు అమెరికా నగరాల్లో ఎన్నో దస్తావేజుల్లో ఉండేవి. కోర్టులు అలాంటి షరతులను అమలు చేయరాదని 1948లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అప్పటికే ఎవరు ఎక్కడ నివసించాలన్నది చాలావరకు స్థిరపడిపోయింది.

1968 మే నెలలో ఎడ్జ్‌వుడ్ హైస్కూలు విద్యార్థులు పాఠశాల దుస్థితిని నిరసిస్తూ తరగతులు వదిలి బయటకు నడిచారు. కొద్ది వారాలకే తల్లిదండ్రులు ఫెడరల్ కోర్టును ఆశ్రయించారు. వ్యాజ్యంలో మొదటి పేరు డిమెట్రియో రోడ్రిగెజ్‌ది. ఆయన వైమానిక స్థావరంలో పనిచేసే కార్మికుడు. 1971లో కింది కోర్టు వారి పక్షాన తీర్పు ఇచ్చింది. 1973 మార్చి 21న సుప్రీంకోర్టు 5–4 మెజారిటీతో దానిని కొట్టివేసింది. విద్య ఫెడరల్ రాజ్యాంగం హామీ ఇచ్చిన ప్రాథమిక హక్కు కాదని, స్థానిక నియంత్రణను కాపాడటం సమంజసమైన లక్ష్యమేనని మెజారిటీ భావించింది. పన్ను ఎంత పెంచినా తగిన ఆదాయం రాని డిస్ట్రిక్టుకు ఆ నియంత్రణ ఏమి మిగిలిందని భిన్నాభిప్రాయంలో జస్టిస్ వైట్ ప్రశ్నించారు. జస్టిస్ మార్షల్ కూడా తీర్పుతో తీవ్రంగా విభేదించారు.

కథ అక్కడితో ముగియలేదు. 1989లో టెక్సాస్ రాష్ట్ర సుప్రీంకోర్టు, రాష్ట్ర రాజ్యాంగం ఆధారంగా, ఈ నిధుల విధానం చెల్లదని ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. 1993 చట్టం సంపన్న డిస్ట్రిక్టుల ఆదాయంలో కొంత భాగాన్ని ఇతర డిస్ట్రిక్టులకు మళ్లించే ఏర్పాటు చేసింది.

జనాభా, ఆదాయం, ఆస్తి విలువ అనే గణాంకాలు విడివిడిగా కేవలం వర్ణనలు. వాటి చుట్టూ పన్ను విధించే సరిహద్దు గీసినప్పుడు అవే పిల్లల భవిష్యత్తును శాసిస్తాయి. ఏ ప్రాంతపు గణాంకాలు చదివినా, ఆ సరిహద్దు ఎవరు గీశారో, దానివల్ల ఎవరికి మేలు కలిగిందో అడగడం చరిత్ర విద్యార్థిగా మీ బాధ్యత.

మీ అవగాహనను పరీక్షించుకోండి: రెండు డిస్ట్రిక్టుల్లోనూ పన్ను రేటు 1.00గా ఉంటే ఒక్కో విద్యార్థికి ఎంత పన్ను రాబడి వస్తుంది? రేట్లను సమానం చేస్తే సమస్య తీరుతుందా? కారణాలతో రాయండి.