చీకటి గదిలోని చిత్రాలు ఎవరి సొత్తు?

జపానులోని అసుకా గ్రామంలో 1962 ప్రాంతాన అల్లం దాచుకోవడానికి గొయ్యి తవ్వుతున్న ఒక గ్రామస్థునికి చెక్కిన రాయి తగిలింది. పదేళ్ల తరువాత, 1972 మార్చిలో, పురాతత్వజ్ఞులు ఆ తకమత్సుజుకా దిబ్బను తవ్వి ఒక రాతిగదిని కనుగొన్నారు. గది పొడవు సుమారు 2.65 మీటర్లు, ఎత్తు మనిషి నిలబడేందుకైనా చాలదు. కొద్ది మిల్లీమీటర్ల సున్నపు పూతపై 7వ శతాబ్ది చివర, 8వ శతాబ్ది ఆరంభ కాలపు రంగులు: స్త్రీ పురుషుల బృందాలు, నీలి డ్రాగను, తెల్లపులి, కప్పుమీద నక్షత్రాలు. దక్షిణపు గోడకు మధ్యయుగంలోనే దొంగలు కన్నం వేశారు.

సమాధి ఏ ప్రభువుదో నేటికీ తేలలేదు. ఆ రాళ్లు మోసిన కూలీల పేర్లు ఎలాగూ చరిత్రకెక్కవు. కాని 1974లో ఈ చిత్రాలు జాతీయ నిధిగా ప్రకటింపబడినవి. అంటే ప్రజల సొత్తైనవి.

మరి ఆ సొత్తును ఎలా కాపాడారు? గదిని ఉన్నచోటనే ఉంచి, 1976లో పక్కనే వాతావరణ నియంత్రణ యంత్రాలు అమర్చారు. అయినా తేమ, బూజు, పురుగులు వదల్లేదు. 2001లో రక్షణ దుస్తులు లేకుండానే మరమ్మతులు చేశారు. ఆ పిమ్మట బూజు విజృంభించింది. 2002లో పని జరుగుతుండగా పడమటి గోడమీది పురుషమూర్తి దెబ్బతిన్నది. ఈ సంగతులు ప్రజలకు తెలిసింది 2006లో! చివరకు 2007లో గదిని 16 రాళ్లుగా విడదీసి బయటికి తీశారు. చిత్రాల శుద్ధి 2020కి గాని ముగియలేదు.

“తవ్వకుండా వదిలేస్తే పోయేది కాదా?” అని కొందరంటారు. ఈ వాదం నిలవదు. కన్నం ముందే పడింది. భూకంపాలకు దిబ్బ ముందే బీటలు వారింది. తప్పు విజ్ఞానానిది కాదు. ఎవరికీ జవాబు చెప్పనక్కరలేదనుకున్న అధికారానిది. దెబ్బ తగిలిన నాడే చెప్పి ఉంటే ఇతర నిపుణులు ప్రశ్నించేవారు, పద్ధతి మారేది. నాలుగేళ్ల మౌనం ఆ అవకాశాన్ని పోగొట్టింది.

ఇది పరాయి కథ కాదు. నిజాం పాలనలో 1920-22 మధ్య ఇటలీ నిపుణులు అజంతా చిత్రాలకు పూసిన లక్కపూత కాలక్రమాన పసుపెక్కి, రంగులను మసకబార్చింది. రక్షణ పేరిట జరిగిన ప్రతి పనికీ లెక్క అడగడం మన హక్కు. ఊపిరి తేమకే చెడే గదిలోకి జనాన్ని రానివ్వకపోవడం న్యాయమే. ఆ గదిలో ఏం జరిగిందో జనానికి చెప్పకపోవడం మాత్రం న్యాయం కాదు.