రోగము వచ్చిన త్రోవ

తల్లాడ కూడలిలో నిలుచున్నవారికి ముఖ్యముగా మూడు త్రోవలు కనబడును. ఒకటి ఖమ్మము పోవును. ఒకటి సత్తుపల్లి మీదుగా గోదావరి సీమకు పోవును. మరియొకటి ఏన్కూరు, జూలూరుపాడుల మీదుగా కొత్తగూడెము చేరి, భద్రాచలపు అడవులవైపు సాగును. ఈ ప్రాంతమున జబ్బు ముదిరినచో రోగిని ముందు దగ్గరి ఆసుపత్రికి, అచ్చట కుదరనిచో ఖమ్మమునకు, అచ్చటను కానిచో హైదరాబాదునకు తీసికొనిపోవుట వాడుక. ఇట్లు మూడు చోట్ల మంచమెక్కిన రోగికి నాలుగవనాడు క్రొత్త జ్వరము వచ్చినదనుకొందము. అది ఇంటినుండి వచ్చినదా? మొదటి ఆసుపత్రిలో అంటినదా? కడపటి దానిలోనా? బంధువులు వైద్యుని తప్పందురు. వైద్యుడు చూడవచ్చినవారి శుభ్రతను తప్పనును. తుదకు నింద గది తుడుచు ఆయమ్మపై పడును. ఆసుపత్రిలో అంటుకొను రోగముల చరిత్ర చాలవరకు ఈ ప్రశ్నకు సమాధానము వెదకిన చరిత్రయే.

1847లో వియన్నా నగరపు ప్రసూతి ఆసుపత్రిలో రెండు విభాగములుండెను. మంత్రసానులు పనిచేయు విభాగముకంటె, వైద్య విద్యార్థులు పనిచేయు విభాగమున బాలింతలు ఎక్కువగా మరణించుచుండిరి. గాలి దోషమని పెద్దలు చెప్పుకొనిరి. ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ అను యువవైద్యుని మిత్రుడొకడు శవపరీక్షవేళ కత్తిగాటు తగిలి, బాలింత జ్వరపు లక్షణములతోనే మరణించెను. శవములను తాకి వచ్చిన చేతులే రోగమును మోయుచున్నవని సెమ్మెల్‌వైస్ గ్రహించెను. మే నెలలో క్లోరిన్ ద్రావణముతో చేతులు కడుగవలెనను నియమము పెట్టెను. ఏప్రిలులో నూటికి 18 వరకు ఉన్న మరణములు జూన్‌లో సుమారు 2కు దిగినవి. అయినను తోడి వైద్యులు పెక్కుమంది ఆ మాటను అంగీకరింపలేదు. అతడు త్రోవ చూపగా, వారు నేరము మోపినాడనుకొనిరి.

సరిగా 50 ఏండ్ల తరువాత, 1897 ఆగస్టు 20న, మన సికిందరాబాదులో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూచెను. రోగి రక్తములో ఆ క్రిమిని 1880లోనే లావెరాన్ కనుగొనియుండెను. రాస్ వెదకినది అది మనిషినుండి మనిషికి నడచు త్రోవను. క్రిమి పేరు తెలియుట ఒక విద్య, అది వచ్చిన దారి తెలియుట మరియొక విద్య.

ఇరువదవ శతాబ్ది నడుమ మందుల కాలము వచ్చినది. 1895లో భీమవరమున జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వమున, అమెరికాలోని లెడర్లీ పరిశోధనశాలనుండి అరియోమైసిన్ 1948లో వెలువడినది. ఇక భయము లేదనిపించినది. కాని మందులు ఎక్కువగా వాడు ఆసుపత్రులలోనే మందులకు లొంగని క్రిములు కాపురము పెట్టినవి. మెథిసిలిన్‌కు లొంగని స్టాఫిలోకాకస్‌ను 1961లోనే ఇంగ్లండున గుర్తించిరి. ఇట్టి క్రిమి ఇద్దరు రోగులలో కనబడినంత మాత్రమున ఒకరినుండి మరియొకరికి వచ్చినదని చెప్పరాదు. ఒకే ఇంటిపేరు గలవారందరు ఒకే ఇంటివారు కారు గదా!

ఆ బంధుత్వము తేల్చుటకు క్రిమి డి.ఎన్.ఏ. ముద్రను చూచు పద్ధతులు వచ్చినవి. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ వైద్యులు 2012లో ఒక ఉదంతమును ప్రకటించిరి. శుక్లముల శస్త్రచికిత్స అయిన కొందరి కన్నులలో సూడోమోనాస్ జాతి బాక్టీరియా చేరినది. ఇట్టి సమయమున అనుమానము ముందు వైద్యుని చేతులమీద, పరికరములమీద పోవుట సహజము. కాని విచారింపగా, కంటిలో అమర్చు లెన్సును నిలువయుంచిన ద్రావణమే కలుషితమైనదని తేలినది.

ముద్ర చూచుట ఒక పుటను చూచి గ్రంథమును పోల్చుట వంటిది. జన్యుక్రమ పఠనము గ్రంథమంతయు చదువుట. ఒక బాక్టీరియా జన్యుక్రమమును మొదటిసారి పూర్తిగా చదివినది 1995లో; దానిలో సుమారు 18 లక్షల అక్షరములున్నవి. క్రిమి పెరుగునప్పుడెల్ల ఈ గ్రంథము నకలగును. నకలులో అప్పుడప్పుడు ఒక అక్షరము తప్పును. మన తాళపత్ర గ్రంథముల సంగతి తలచుకొనుడు. కడపలో సి.పి. బ్రౌన్ పండితులచేత ప్రతులను పోల్చి చూపించినప్పుడు, రెండు ప్రతులలో ఒకే చోట ఒకే లేఖకదోషమున్నచో అవి ఒకే మాతృకనుండి వచ్చినవని ఊహింపవచ్చును. క్రిములయందును అంతే. పాఠభేదములు రెండు మూడైనచో దగ్గరి చుట్టరికము. వందలైనచో సంబంధము లేదు.

2011లో అమెరికాలోని బెథెస్డాలో, జాతీయ ఆరోగ్య సంస్థల వైద్యశాలకు క్లెబ్సియెల్లా సోకిన రోగి ఒకరు వచ్చిరి. వేరుగా ఉంచి చికిత్స చేసి జూలైలో పంపివేసిరి. మూడు వారములు గడచిన తరువాత ఆ క్రిమి మరియొక రోగిలో కనబడినది. ఇంత ఎడమున్నది కావున ఇది వేరొక చోటినుండి వచ్చినదేమో అను సందేహము కలుగును. జన్యుక్రమము చదువగా అది మొదటి రోగినుండి వచ్చినదేయని తెలిసినది. ఏ లక్షణమును లేక క్రిమిని మోయుచున్నవారు నడుమ ఉండిరి. మొత్తము 18 మందికి అది సోకగా 11 మంది మరణించిరి. వారిలో ఆరుగురి మరణమునకు ఆ క్రిమియే కారణము.

అదే సంవత్సరము ఇంగ్లండులోని కేంబ్రిడ్జి రోజీ ఆసుపత్రి శిశు విభాగములో మందులకు లొంగని స్టాఫిలోకాకస్ కొందరు పసివారిలో కనబడినది. విభాగమునంతయు కడిగినను, ఆ క్రిమి గల కడపటి శిశువు వెడలిన 64 రోజులకు మరల ఒక శిశువులో తేలినది. 154 మంది సిబ్బందిని పరీక్షింపగా ఒక్కరియందు ఆ క్రిమి ఉన్నది. దాని జన్యుక్రమము శిశువులయందలి క్రిమితో కలిసినది. ఆ వ్యక్తికి తెలియకయే అది శరీరమున నిలిచియుండెను. వారికి చికిత్స చేసి ఆ త్రోవను మూసిరి.

అక్షరములు చుట్టరికమును చెప్పునే గాని, ఎవరు ఎవరికి ఇచ్చిరో అవియే చెప్పజాలవు. ఏ రోగి ఏ తేదీన ఏ మంచముపై ఉండెనో, ఏ ఆసుపత్రినుండి వచ్చెనో వ్రాసిన రిజిస్టరు ప్రక్కనుండవలెను. తల్లాడనుండి రోగి వెంట సాగు చీటీలో ఆ వివరములు లేనిచో, ఎంత గొప్ప యంత్రమైనను సగము దారిలోనే ఆగిపోవును. ఆ వివరములున్నచో, త్రోవ ఎచ్చట తెరచియున్నదో తెలియును, ఆయమ్మమీద పడిన నింద నిజమో కాదో తేలును. త్రోవ తెలిసిన పిమ్మట దానిని మూయుటకు చేయవలసిన మొదటి పని మాత్రము 1847లో సెమ్మెల్‌వైస్ చెప్పినదే: చేతులు కడుగుకొనుట.