మార్పిడి మూత్రపిండము – బాలల రక్షణశక్తి కొలమానముల చరిత్ర

వేలూరు, చిత్తూరు పట్టణములు నేడు రెండు రాష్ట్రములలో నున్నను, 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడువరకు రెండును ఉత్తరార్కాటు జిల్లాలోనివే. తరతరములుగా వేలూరు ప్రాంతమున స్థిరపడిన తెలుగువారికిని, సరిహద్దు దాటి వైద్యమునకై అచటికి వచ్చు తెలుగువారికిని ఆ ఊరి క్రైస్తవ వైద్య కళాశాల చిరపరిచితము. 1900లో ఐడా స్కడ్డరు ఒక్క మంచముతో ఆరంభించిన వైద్యశాలయే అంతగా పెరిగినది. సజీవదాత మూత్రపిండమును మరియొకరికి అమర్చు చికిత్స మన దేశమున మొదట ఫలించినదియు అచటనే, 1971లో. నేడు ఆ చికిత్స బాలలకును జరుగుచున్నది. శస్త్రచికిత్స కొన్ని గంటల పని. అటుపిమ్మట బిడ్డ రక్షణశక్తిని ఎంత అణచవలెను, ఎంత మిగుల్చవలెను అనునది ఏండ్ల తరబడి సాగు పని. ఆ కొలత వైద్యులకు ఎట్లు చేజిక్కెనో ఈ వ్యాసమున విన్నవింతును.

1952 డిసెంబరులో ప్యారిసు నగరపు నెక్కెరు వైద్యశాలకు పదునారేండ్ల బాలుడొకడు వచ్చెను. ఎత్తునుండి పడుటచే అతని మూత్రపిండము చితికిపోగా దానిని తీసివేసిరి. తీసిన పిదపగాని అతనికి పుట్టుకతోనే అది ఒక్కటే యున్నదని తెలియలేదు. తల్లి తన మూత్రపిండము నొకదానిని ఇచ్చెను. అది వెంటనే పనిచేసెను. మూడు వారములు గడచునప్పటికి బాలుని దేహము దానిని త్రోసిపుచ్చెను, బాలుడు దక్కలేదు. పరుల చర్మమును దేహము ఏల నిలువనీయదో మెడవారు 1944 నాటికే కుందేళ్లపై పరిశోధించి చూపియుండెను గాని, దానిని ఆపు మందు ఇంకను లేదు. 1954లో బోస్టనులో మర్రే చేసిన చికిత్స ఫలించినదన్నను, దాత, గ్రహీత ఒకే రూపు కవల సోదరులగుటయే కారణము.

మందు రక్తక్యాన్సరు చికిత్స నుండి వచ్చెను. ఇచట మన భీమవరపు యల్లాప్రగడ సుబ్బారావుగారిని తలపకుండ పోజాలను. మార్పిడి మందు ఆయన కనుగొన్నదనుట సత్యము గాదు. కాని ఆయన బృందము సమకూర్చిన అమినోప్టెరినుతో 1948లో ఫార్బరు రక్తక్యాన్సరు బాలలకు తాత్కాలికముగానైనను ఉపశమనము కలిగించెను. కణముల పెంపునకు వలయు ద్రవ్యమును అడ్డగించు ఆ త్రోవలోనే హిచ్చింగ్సు, ఎలియనులు వేరొక మందును సిద్ధపరచిరి. 1959లో ష్వార్ట్జు, డామెషెకులు అది కుందేళ్లలో రక్షణశక్తిని అణచునని చూపిరి. దానినుండి పుట్టిన అజాథయోప్రినుతో 1962లో మర్రేకు బంధువు గానివాని మూత్రపిండము నిలిచెను. మరుసటి యేట స్టార్జలు దానికి స్టెరాయిడును జతచేసెను. కీడును వెంటవచ్చెను: స్టెరాయిడు బాలల ఎదుగుదలను కుంటుపరచును. అందుచే బిడ్డ ఎత్తును గోడకు నిలిపి కొలుచుటయు వైద్యమున భాగమయ్యెను.

ఆ రోజులలో వైద్యుని చేతనున్న కొలమానము లెవ్వి? మూత్రము, జ్వరము, తెల్లకణముల లెక్క, రక్తములోని క్రియాటినిను. ఇందు మొదటిదియు చివరిదియు మూత్రపిండము సంగతి చెప్పునుగాని బిడ్డ సంగతి చెప్పవు. మూత్రపిండము చక్కగా పనిచేయుచుండగనే ఆటలమ్మ సోకి పిల్లలు మరణించుట కలదు. 1974లో జపానులో తకహాషి ఆటలమ్మ టీకాను ప్రకటించెను. అది సజీవ వైరసుతో చేసినదగుటచే సాధారణముగా మార్పిడికి ముందే వేయవలెను. వేయు సమయము తప్పినచో మందులు మొదలైన పిదప ఆ టీకా సులభముగా లభించునది గాదు.

బాలల కష్టము పెద్దలకన్న భిన్నమని స్పష్టపరచినది ఎప్‌స్టైను-బార్ వైరసు. పెద్దలలో ఎక్కువమంది దానిని చిన్ననాడే ఎదుర్కొనియుందురు. ఇంకను ఎదుర్కొనని బిడ్డకు అది దాత అవయవముతోపాటే రావచ్చును; అణగిన రక్షణశక్తి దానిని ఆపలేకపోయినచో రసగ్రంథుల క్యాన్సరుగా పరిణమించవచ్చును. 1984లో స్టార్జలు బృందము ఆశ్చర్యకరమైన సంగతి ప్రకటించెను. అట్టి గడ్డలు కొన్ని, రక్షణశక్తిని అణచు మందులను తగ్గించినంతనే కరగిపోయెను! మందు ఎక్కువైనదనుటకు ఇంతకన్న సాక్ష్యమేమి కావలెను? మూత్రపిండమునే చెరచు బీకే వైరసు 1971లోనే మార్పిడి రోగి మూత్రమున బయటపడియుండెను. 1980లలో పీసీఆర్ పరీక్ష వచ్చిన పిదప ఇట్టి వైరసులను నెత్తుటిలో లెక్కించి, రోగలక్షణము కనబడకమునుపే మోతాదు సవరించుట సాధ్యమయ్యెను.

మందును కొలుచుటయు ఈ కాలముననే బలపడెను. 1978లో కేంబ్రిడ్జిలో కాల్ని మానవులపై వాడిన సైక్లోస్పోరినునకును, 1984లో జపానులోని త్సుకుబా మట్టియందలి సూక్ష్మజీవినుండి తీసిన టాక్రోలిమసునకును ప్రయోజనమునకు హానికి నడుమ ఎడము స్వల్పము. పిల్లలు ఈ మందును పెద్దలకన్న వేగముగా కరగించుకొందురు గాన, బరువును బట్టి లెక్కగట్టిన మోతాదు ఒక్కటే చాలదు. దాత కణములపై పుట్టు ప్రతిరక్షకములను వెదకు పరీక్షకు టెరసాకి 1964లో వేసిన పద్ధతి పునాది. 1997లో జపానులో కనుగొన్న టీటీ వైరసు కథ వింతయైనది. మనలో పెక్కుమంది నెత్తుట నుండి ఏ జబ్బును చేయని ఈ వైరసు, రక్షణశక్తి అణగినకొలది పెరుగును. కావున దాని లెక్కయే రక్షణశక్తికి తూనికగా పనికివచ్చునా యని నేడు పరిశోధించుచున్నారు. పిల్లలలో దాని సాధారణ పరిమాణము వయస్సును బట్టి మారుట ఇంకొక చిక్కు.

ఇన్ని పరీక్షలు పుట్టినను ఒక చిన్న సంగతి వీనినన్నిటిని తారుమారు చేయగలదు. టాక్రోలిమసు కొలత సాధారణముగా ఉదయపు మోతాదునకు ముందటి నెత్తుటితో చూడవలసినది. రాత్రి బస్సెక్కి తెల్లవారునప్పటికి వేలూరు చేరిన తల్లి, వేళ తప్పునేమోయని త్రోవలోనే బిడ్డకు మాత్ర మ్రింగించినచో నాటి లెక్క తప్పును. మాత్రను సంచిలోనే యుంచి, నెత్తురు తీసిన వెంటనే వేయవలెను.