గ్లూటెన్ అటాక్సియా
గోధుమ, బార్లీ, రై ధాన్యములందలి గ్లూటెన్ అను మాంసకృత్తునకు ప్రతిక్రియగా దేహరక్షణవ్యవస్థ చిన్నమెదడునందలి పుర్కింజీ కణములను క్షీణింపజేయుటచే నడక తూలుట, మాట తడబడుట మున్నగు లక్షణములతో క్రమముగా ముదురు వ్యాధి. గ్లూటెన్ వలన చిన్నప్రేవు దెబ్బతిను సీలియాక్ వ్యాధి గలవారి నాడీవికారములను 1966లో కుక్, స్మిత్ అను వైద్యులు విపులముగా వర్ణించిరి. జీర్ణకోశబాధ లేశమైనను లేనివారియందును గ్లూటెన్ నాడీవ్యాధికి హేతువు కావచ్చునని 1996లో షెఫీల్డు వైద్యులు హాజీవాసిలియూ ప్రభృతులు ప్రకటించిరి. కావున కారణము తేలని తూలునడక గల ప్రతిరోగికిని గ్లూటెన్ భాగమగు గ్లయాడిన్‌కును, ట్రాన్స్‌గ్లుటామినేజ్ అను దేహపు ఎంజైమునకును విరుద్ధమగు ప్రతిరక్షకములకై రక్తపరీక్ష చేయుట అత్యావశ్యకము. పరీక్షకు పూర్వమే గోధుమను మానినచో నిజము మరుగుపడవచ్చును. గ్లూటెన్‌ను సంపూర్ణముగా వర్జించుటయే ప్రధానచికిత్స. మన వరి, జొన్న, రాగులు నిరపాయములే. అయితే అంగడి ఇంగువలో గోధుమపిండి తరచుగా కలిసియుండునని రోగి కుటుంబమునకు తప్పక తెలుపవలెను. నశించిన పుర్కింజీ కణములు మరల జనింపవు గనుక చికిత్సను ఆలస్యము చేయరాదు.