పాదం ఆనడానికో చోటు

1896 ఏథెన్స్ ఒలింపిక్స్ వంద మీటర్ల పరుగు ఫొటో ఒకటి ఉంది. గీత దగ్గర ఎవరికి తోచినట్టు వాళ్లు నిలబడ్డారు. అమెరికన్ టామ్ బర్క్ ఒక్కడే రెండు చేతులూ నేలకానించి, నడుము పైకెత్తి ఉన్నాడు. 12 సెకన్లలో గెలిచిందీ అతనే. యేల్ విద్యార్థి చార్లెస్ షెరిల్ 1888లోనే ఇలా వంగి పరుగు మొదలుపెట్టాడు.

నిటారుగా నిలబడితే కాళ్ల తోపు చాలామటుకు కిందికే పోతుంది. వంగితే అది వెనక్కి మళ్లుతుంది. నేల అంతే బలంతో మనిషిని ముందుకు నెడుతుంది. కానీ ఆనాటి బొగ్గుబూడిద ట్రాక్ మీద పాదం జారేది. అందుకని ఆటగాళ్లు చిన్న తాపీలు వెంట తెచ్చుకుని, గీత వెనక గుంటలు తవ్వుకునేవారు. 1936 బెర్లిన్‌లో నాలుగు స్వర్ణాలు గెలిచిన జెస్సీ ఓవెన్స్ కూడా గుంటల్లోంచి లేచినవాడే.

అప్పటికి పాదాలు ఆనించే స్టార్టింగ్ బ్లాక్ లేక కాదు. అమెరికాలో అయోవా విశ్వవిద్యాలయ కోచ్ జార్జ్ బ్రెస్నహన్‌కి 1929లోనే దానిపై పేటెంట్ వచ్చింది. అదే ఏడాది జార్జ్ సింప్సన్ బ్లాకుల మీంచి లేచి వంద గజాలు 9.4 సెకన్లలో పరిగెత్తాడు. బ్లాకులు వాడాడన్న కారణంతో దాన్ని ప్రపంచ రికార్డుగా గుర్తించలేదు. నా దృష్టిలో అది అన్యాయమే. పరుగు మొత్తం అతని కండరాలదే. బ్లాక్ ఆ బలం వృథా కాకుండా చూసింది, అంతే. ఒలింపిక్స్‌లోకి బ్లాకులు 1948లో, లండన్‌లో వచ్చాయి.

ఇక్కడ చిన్న లెక్క. 60 కిలోల మనిషిని సగటున 600 న్యూటన్ల బలం ముందుకు నెడితే త్వరణం సెకనుకి సెకనుకి 10 మీటర్లు. బ్లాకుల మీద కాళ్లుండేది సెకనులో మూడో వంతు అనుకుంటే, వదిలేసరికి వేగం సెకనుకి 3.3 మీటర్లు. అదే బలం 90 కిలోల మనిషికి 2.2 మీటర్లే ఇస్తుంది. అతను సమానంగా లేవాలంటే 900 న్యూటన్లు కావాలి. పరుగు పందెగాళ్లు బరువులెత్తేది ఇందుకే. ఉత్తినే బరువు పెరిగితే చాలదు. పెరిగిన ప్రతి కిలో తన వంతు బలాన్ని తనే తెచ్చుకోవాలి.

నేటి బ్లాకుల్లో ఈ తోపును పట్టే సెన్సర్లుంటాయి. తుపాకీ పేలిన 0.1 సెకను లోపే తోపు నమోదైతే, ముందే కదిలినట్టు లెక్క. 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో 100 మీటర్ల హర్డిల్స్ ఫైనల్లో చైనా అమ్మాయి వూ యాన్నీ తుపాకీ పేలకముందే కదిలింది. పక్కనున్న విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజీని కూడా అధికారులు మొదట తప్పుపట్టారు. జ్యోతి ఒప్పుకోలేదు, రీప్లే చూడమని గట్టిగా నిలబడింది. చివరికి ఇద్దరూ పరిగెత్తారు. ఆ తర్వాత వూపై వేటు పడింది. మూడో స్థానంలో వచ్చిన జ్యోతికి రజతం దక్కింది.